మాకేం అక్కర్లేదన్న ఇల్లు

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరాడపిల్లలకి ఒకేసారి నెలలు నిండుతున్నాయని మా ఆయన హాస్యమాడేవారు. ఒకరు మా పెద్దది, నిజంగానే కడుపుతో ఉంది. రెండోది మా చిన్నది. దానికి వేరే ఊళ్ళో యూనివర్సిటీలో సీటొచ్చింది. ఎండలు తగ్గి తరగతులు మొదలయ్యేలోగా వెళ్ళి చేరాలి. మా రెండు వైపుల చుట్టాల్లో యూనివర్సిటీ గేటు దాటి లోపలికి వెళ్ళినవాడు, నాకు తెలిసి, అక్కడ గోడలకి రంగులు వేసిన మా మరిది ఒక్కడే.

చిన్నది చదవబోయేది రాళ్ళ చదువు. భూమి లోపల పొరలు, కొండలు ఎలా పుట్టాయి, అలాంటివి. దాని కిటికీ గట్టు మీద ఎప్పుడూ రాళ్ళుండేవి. నేను దుమ్ము దులుపుతూ ఒకటి బయట పారేయబోతే, అది ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేదమ్మా అని లాక్కునేది. ఆ రాళ్ళు మన వీధిలో లేవా, అంత దూరం వెళ్ళి చదవాలా అని వాళ్ళ నాన్న ఏడిపించేవారు గానీ, బస్సు డిపోలో కనబడ్డవాళ్ళందరికీ సీటు సంగతి చెప్పింది ఆయనే.

పెద్దదాని భర్త క్రేన్ నడుపుతాడు. ఆ ఏడాది ఎక్కడో దూరంగా వంతెన కడుతున్నచోట పడింది పని. అందుకని పెద్దది మూడేళ్ళ కూతుర్ని తీసుకుని మా దగ్గరికి వచ్చేసింది. ఆ పిల్లని మేమంతా పిడుగు అనే పిలుస్తాం. ఎందుకని అడిగినవాళ్ళు ఎవరూ ఇంతవరకూ లేరు, ఒకసారి చూస్తే చాలు.

ఇక నా సంగతి. నాకు చిన్నప్పటినుంచీ ప్రతిదానికీ చివర ఏమవుతుందో ముందే కనబడుతుంది, అదీ చెడ్డగానే కనబడుతుంది. ఫోన్ మోగితే ఎత్తేలోపలే ఆస్పత్రి వరండాలో పరుగెడుతుంటాను. మా ఆయన రావడం కాస్త ఆలస్యమైతే ఎవరెవరికి కబురు చెయ్యాలో మనసులో అనుకోవడం కూడా అయిపోతుంది. ఇంట్లో దీనికి 'అమ్మ వార్తలు' అని పేరు పెట్టారు. పొద్దున్నే టీ తాగుతూ, ఇవాళ్టి ముఖ్యాంశాలేంటని మా ఆయన అడిగేవారు. నేను నిజంగానే చెప్పేదాన్ని.

ఎండలు మొదలవుతుండగా పెద్దదాన్ని ఆస్పత్రికి పరీక్షకి తీసుకెళ్ళాం. నర్సు దాని చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ కొట్టింది. ఆ రెండోసారి కొట్టడంతోనే నా వార్తలు మొదలైపోయాయి. బీపీ ఎక్కువగా ఉందంది నర్సు. పాదాలు నొక్కి చూసి, నీరు పట్టిందంది. ఇకమీదట ఎక్కువసేపు పడుకునే ఉండాలి, బరువులెత్తకూడదు, ఈ పిల్లని కూడా ఎత్తకూడదు, తరచూ వచ్చి చూపించుకోవాలి అని చెప్పి, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరున్నారని అడిగింది.

నేను నోరు తెరిచాను. నేను పొద్దున వెళ్తే సాయంత్రందాకా లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు, పదకొండింటికి ఎక్కితే రాత్రికిగానీ దిగరు. ఇదంతా ఎక్కణ్ణించి మొదలుపెట్టాలా అని చూస్తుంటే, మూల కూర్చుని పిడుగు ముక్కు తుడుస్తున్న చిన్నది తలెత్తకుండానే, "నేనున్నాగా" అంది. తలుపు ఎవరు వేస్తారని అడిగితే చెప్పినట్టు, అంత తేలిగ్గా.

నర్సు సంతోషించింది. ఆ మాటకి అర్థమేంటో పిడుక్కి తప్ప మాకందరికీ తెలుసు.

పెద్దది రెండు రోజులు ఏడ్చింది, నావల్లే నీ చదువు పోతోందని. చిన్నది దాని పక్కన మంచం మీద చేరి, రాళ్ళు ఎక్కడికీ పోవక్కా, కోట్ల ఏళ్ళబట్టీ ఉన్నాయి, నాకోసం ఇంకో ఏడాది ఉండలేవా అని నవ్వించింది. రాళ్ళు ఉంటాయి. సీటు ఉండదు. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు. అది వెళ్తే పెద్దది ఏ స్నానాల గదిలోనో కళ్ళు తిరిగి పడిపోవడం కనబడేది నాకు. వెళ్ళకపోతే ఆ పిల్ల లాండ్రీలో నా పక్కన నిలబడి ముసలిదైపోవడం కనబడేది. అటు తిరిగినా ఇటు తిరిగినా నా వార్తల్లో మంచి కబురు లేదు.

మా లాండ్రీ పక్క సందులో పాత పోస్టాఫీసు ఉండేది. దాన్ని ఏదో కేంద్రంగా మార్చి పైన పొడుగాటి బోర్డు పెట్టారు. ఆ బోర్డుకి ఎడమ చివర కడుపుతో ఉన్న మనిషి బొమ్మ, కుడి చివర పుస్తకాలు పట్టుకున్న కాలేజీ పిల్ల బొమ్మ, మధ్యలో పాకే బిడ్డా, నడిచే బిడ్డా, బడికెళ్ళే పిల్లలూ వరసగా ఉంటారు. కడుపులో ఉన్నప్పటినుంచి కాలేజీ అయ్యేదాకా మీ కుటుంబానికి తోడు అని కింద రాసి ఉంటుంది. ఏడాదిగా దాని కిందనుంచే పనికి వెళ్తున్నాను. ఏదో ఇన్సూరెన్సు కంపెనీ అనుకున్నాను.

ఒకరోజు ఆ రెండు చివరల బొమ్మలూ చూస్తూ ఆగిపోయాను. రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి కదా అనిపించింది.

లాండ్రీలో నాతో దుప్పట్లు మడతపెట్టే ఆవిడని అందరం రేడియో అంటాం. ఊళ్ళో జరిగినవీ జరగనివీ అన్నీ ఆవిడ దగ్గర దొరుకుతాయి. నేను ఆ కేంద్రం మాటెత్తగానే చేతిలో దుప్పటి వదిలేసింది. "వదినా, అక్కడికి మాత్రం వెళ్ళకు. ఇంటికొచ్చి మూలమూలా చూస్తారట. పిల్లల్ని సరిగ్గా చూసుకోవట్లేదనిపిస్తే ఎత్తుకుపోతారట" అంది. ఎవరి పిల్లల్ని తీసుకెళ్ళారని అడిగితే, అందరూ చెప్పుకుంటున్నారుగా అంది. నాలాంటిదానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

అయినా వెళ్ళాను. ఇంట్లో ఉన్న రెండు భయాలూ ఈ కొత్త భయంకంటే పెద్దవి.

లోపల బల్ల మీద సైకిల్ హెల్మెట్ ఒకటుంది. దాని వెనక మా పెద్దదాని వయసు అమ్మాయి. తర్వాత ఆ అమ్మాయికి మా ఇంట్లో సైకిలమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. నేను చెప్పినదంతా మధ్యలో ఆపకుండా వింది. విని, ముందు ఒకసారి మీ ఇంటికి రావాలమ్మా, చూడకుండా మీకేం కావాలో మాకు తెలీదు కదా అంది. ఆ తర్వాత చాలా చెప్పింది గానీ, ఇంటికి రావాలన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

ఇంటికొచ్చి అందర్నీ కూర్చోబెట్టాను. ఆవిడ వచ్చినప్పుడు ఎవరూ పడుకుని ఉండకూడదన్నాను. పెద్దది తల దువ్వుకుని కుర్చీలో కూర్చోవాలి. పాదాలు కనబడకుండా పొడుగు బట్టలు వేసుకోవాలి. పిడుగు ఏం అడిగినా మాకేం అక్కర్లేదు అనాలి. మా ఆయన గడ్డం గీసుకుని, సెలవు పెట్టి, ఇంటి పనులన్నీ తానే చేస్తున్నట్టు కనబడాలి.

"సాయం అడగడానికి వెళ్ళి, సాయం అక్కర్లేనట్టు కనబడ్డమేంటే?" అన్నారు మా ఆయన.

అద్దెకి ఇల్లు అడగడానికి వెళ్ళేటప్పుడు మంచి బట్టలు వేసుకుని వెళ్ళమా అన్నాను. ముందు మంచి కుటుంబం అనిపించుకోవాలి. అప్పుడు వాళ్ళంతట వాళ్ళే ఇస్తారు. నాకది చాలా తెలివైన మాటలా తోచింది. ఆయనకీ తోచినట్టే ఉంది, లేచి వెళ్ళి గడ్డం సామాను వెతుక్కున్నారు.

నేల తుడిచాను. తుడిచిన నేలని మళ్ళీ తుడిచాను. బీరువా వెనకా, గోడకీ గ్యాస్ పొయ్యికీ మధ్యా ఎవరూ ఎప్పుడూ చూడని సందులు కూడా కడిగాను. లాండ్రీలో ఇస్త్రీ చేసినట్టు కిటికీ తెరలు చేశాను. చిన్నదాని రాళ్ళని డబ్బాలో వేసి మంచం కిందకి నెట్టాను.

సైకిలమ్మ వచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చున్న పెద్దదాన్ని ఎలా ఉన్నావని అడిగితే, చాలా బాగున్నానంది. పగలు ఎవరుంటారంటే, నేనుంటానని మా ఆయన గరిట చేత్తో పట్టుకుని వంటగదిలోంచి వచ్చారు. ఆ గరిట ఏ గిన్నెదో ఆయనకి తెలీదు. చదువు సంగతి అడిగితే చిన్నది, అన్నీ కుదిరాయండీ అంది, నేల చూస్తూ. చివరికి పిడుగుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీకేం కావాలమ్మా అని అడిగిందా అమ్మాయి. పిడుగు గోడ గడియారంవైపు చూస్తూ, మాకేం అక్కర్లేదు, మాకేం అక్కర్లేదు, మాకేం అక్కర్లేదు అని, నేర్పినదానికంటే రెండు సార్లు ఎక్కువే అంది.

ఆ అమ్మాయి టీ తాగి, ఇల్లంతా కళ్ళారా చూసి, ఇలాంటి ఇల్లు చూసి చాలా రోజులైందమ్మా అంది. ఇంత ఒద్దికగా ఉన్న కుటుంబానికి మేం చెయ్యాల్సింది ఏమీ కనబడట్లేదు, మీ వంతు ఇంకొకరికి ఇస్తాను, ఎప్పుడైనా అవసరమైతే మాత్రం మొహమాటపడకండి అని చెప్పి హెల్మెట్ పెట్టుకుంది. మేం నలుగురం గుమ్మందాకా వెళ్ళి చెయ్యూపాం.

సైకిల్ మలుపు తిరిగాక చిన్నది గుమ్మం మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అమ్మా, మనం పాసయ్యాం. పాసైనవాళ్ళకి ఏమీ ఇవ్వరట."

మా ఆయన గరిట ఇంకా చేతిలోనే ఉంది.

అంతసేపు కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నందుకు ఆ సాయంత్రం పెద్దదాని పాదాలు ఉబ్బిపోయాయి. మర్నాడు నర్సు దగ్గర మా అందరికీ కలిపి చీవాట్లు పడ్డాయి. మళ్ళీ ఆ కేంద్రానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి. ఎండ ముదిరింది. చిన్నది యూనివర్సిటీ మాట ఎత్తడం మానేసింది. మంచం కింద డబ్బా బయటికి తియ్యలేదు. పొద్దున లేచి పిడుగుకి స్నానం చేయించడం, అక్కకి మందులివ్వడం, వంట, బట్టలు. ఒక్క పని తప్పేది కాదు. అంత చక్కగా చేస్తుంటే నాకు ఇంకా భయమేసేది.

ఒకరోజు పొద్దున లాండ్రీలో దుప్పట్లు మిషనులోంచి బయటికి వస్తున్నాయి. రేడియో ఆరోజు రాలేదు. పెద్ద దుప్పటి ఒక్కరే మడవలేరు, అటు రెండు కొసలు ఇంకొకరు పట్టుకోవాలి. అటువైపునుంచి ఎవరో కొసలు అందుకుంటే సూపర్‌వైజర్ ఎవర్నో పంపాడనుకున్నాను. దుప్పటి సగానికి మడిచి, దగ్గరికి నడిచి, కొసలు కలిపేటప్పుడు చూశాను. చిన్నది. జుట్టు పైకి కట్టుకుని, ఏప్రాన్ వేసుకుని ఉంది.

"సాయంత్రం షిఫ్టు అడిగానమ్మా," అంది. "నువ్వు ఇంటికొచ్చాక నేను వస్తాను. ఇవాళ చూసి వెళ్ళమన్నారు. అక్క దగ్గర నాన్నున్నారు."

సూపర్‌వైజర్ అటునుంచి వస్తూ, మీ అమ్మాయికి ఎవరూ నేర్పక్కర్లేదు, చెయ్యి తిరిగినదానిలా మడుస్తోందని మెచ్చుకున్నాడు. నేను సరే అన్నాను. ఇంకో దుప్పటి అందుకున్నాం. దాని ముంగురులు ఆవిరికి నుదుటికి అంటుకుపోయాయి. నాకెప్పుడూ అనిపించేది, నేను భయపడేది వచ్చిన రోజున ఫోన్ మోగుతుంది, ఎవరో పరుగెత్తుకొస్తారు, గోలవుతుంది అని. ఇలా ఏప్రాన్ కట్టుకుని, నవ్వుతూ వచ్చి, అటు రెండు కొసలు పట్టుకుంటుందని అనుకోలేదు.

చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి బయటికి నడిచాను. ఏప్రాన్ విప్పాలని కూడా తోచలేదు.

సైకిలమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. వాళ్ళు లేచేదాకా నిలబడి, కుర్చీలో కూర్చోకముందే చెప్పేశాను. "మీకు మేం చూపించింది మా ఇల్లు కాదమ్మా. నాటకం ఆడాం. మా పెద్దది కూర్చోకూడదు, పడుకునే ఉండాలి. మా ఆయనకి వంట రాదు. మా చిన్నది చదువు మానేస్తోంది."

ఆ అమ్మాయి కోప్పడలేదు. దేనికి భయపడి అలా చేశారని అడిగింది. రేడియో చెప్పినది చెప్పాను. పిల్లల్ని ఎత్తుకుపోవడానికి నా సైకిల్‌కి వెనక సీటు కూడా లేదమ్మా అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంకా ఏం భయాలున్నాయని అడిగింది. ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంట్లో నా భయాలకి నవ్వుతారు, లేకపోతే ఊరుకోబెడతారు. ఇంకా చెప్పమన్నవాళ్ళు లేరు. నేను మొదలుపెట్టాను. పెద్దదానికి కళ్ళు తిరిగితే? ప్రతిదానికీ ఆ అమ్మాయి ఒకటే అడిగేది, ఇప్పుడు దానికి ఎవరున్నారని.

చిన్నది, అన్నాను.

పిడుగు గేటు తీసుకుని రోడ్డు మీదకి పోతే? చిన్నది ఉంది. పరీక్షలకి పెద్దదాన్ని తీసుకెళ్ళడానికి? చిన్నదే. నేను మిషను చప్పుడులో ఉండగా నొప్పులొచ్చి, ఫోన్ వినబడకపోతే? చిన్నది. పుట్టిన బిడ్డని, బాలింతని, పిడుగుని ముగ్గుర్నీ ఒకేసారి చూసుకోవాల్సివస్తే? చిన్నదే.

"మరి చిన్నదానికి ఎవరున్నారమ్మా?"

నేను ఉన్నానని చెప్పబోయాను. కానీ ఆ క్షణాన ఆ పిల్ల పక్క సందులోనే, నా మిషను దగ్గర, నా పని చేస్తోంది.

సైకిలమ్మ హెల్మెట్ అందుకుని, పదండి, ఇప్పుడే చూద్దాం మీ ఇల్లు అంది.

ఈసారి ఇల్లు ఎలా ఉందో అలాగే ఉంది. అంట్లు సింకులోనే ఉన్నాయి. పెద్దది పక్క మీద ఎత్తు దిండ్ల మీద కాళ్ళు పెట్టుకుని పడుకుంది. మా ఆయన యూనిఫాం సగం తొడుక్కుని, డ్యూటీకి ఆలస్యమవుతోందని కంగారుపడుతున్నారు. పిడుగు ఒంటి మీద బట్టల్లేవు. ఆ అమ్మాయిని చూడగానే పరుగెత్తుకొచ్చి, ఎవరూ అడక్కుండానే మాకేం అక్కర్లేదు అంది. పెద్దది మొహానికి దుప్పటి కప్పుకుంది నవ్వాపుకోలేక.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. పొద్దున పూట ఇంటికొచ్చి పెద్దదాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక ఆయమ్మని ఏర్పాటు చేసింది కేంద్రం. కాన్పు అయ్యాక కూడా కొన్నాళ్ళు వస్తుందట. కేంద్రం వెనక గదిలో చిన్నపిల్లల బడి ఉంది. మధ్యాహ్నం దాకా పిడుగు అక్కడ. మొదటి రోజే ముగ్గురు పిల్లల్ని కొరికిందని చెప్పారు, అయినా రానివ్వమన్నారు. బీపీ చూడ్డానికి నర్సు ఇంటికే వచ్చేది. వాళ్ళింట్లో అందరికంటే ముందుగా యూనివర్సిటీకి వచ్చిన పిల్లలకి సాయపడ్డానికి అక్కడ కూడా ఒక గది ఉంటుందట. అక్కడి మేడమ్‌తో చిన్నదాన్ని ఫోన్‌లో మాట్లాడించింది సైకిలమ్మ. హాస్టల్ ఎక్కడ, డబ్బు సాయానికి ఎవర్ని కలవాలి, పాఠం అర్థం కాకపోతే ఎవరి దగ్గర కూర్చోవాలి, అన్నీ ఆవిడ చెప్పింది. జ్వరమొస్తే ఎవరు చూస్తారని నేను పక్కనుంచి అడిగించాను. దానికీ మనిషి ఉంది.

అంతా అయ్యాక సైకిలమ్మ నాతో అంది, మేం చేసేది సగమేనమ్మా, మిగతా సగం మీవాళ్ళు చెయ్యాలి, ఎవర్ని అడిగారు అని. ఎవర్నీ అడగలేదు. ఇంటి కష్టం గుమ్మం దాటించకూడదని పెరిగినవాళ్ళం. అడగండి అంది.

మా ఆయన డిపోలో పొద్దుటి షిఫ్టు కావాలని అడిగారు. మధ్యాహ్నానికల్లా దిగిపోతే ఆయమ్మ వెళ్ళేసరికి ఇంట్లో ఉంటారు. మేనేజరు అప్పటికప్పుడే మార్చేసి, ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాడట. అడిగితే ఇంత సులువుగా ఇస్తాడని తెలీక ఇన్నేళ్ళు రాత్రిపూట బస్సు నడిపినందుకు మా ఆయన వారం రోజులు చిరాగ్గా ఉన్నారు. అల్లుడు కూడా కాన్పు సమయానికి సెలవు అడిగితే దొరికింది. రేడియోని అడగడానికే నాకు ఎక్కువ సిగ్గేసింది. ఆ కేంద్రం గురించి అలా చెప్పినావిడ కదా. మడత బల్ల దగ్గర అటూ ఇటూ తిప్పి చివరికి అడిగాను, సెలవు రోజుల్లో వచ్చి కాసేపు కూర్చుంటావా అని. "ఇది అడగడానికా వదినా పొద్దుటినుంచీ నీళ్ళు నములుతున్నావు," అంది. వచ్చేది, ఊరి కబుర్లన్నీ మోసుకొచ్చేది. ఆవిడ వచ్చి వెళ్ళాక పెద్దదాని బీపీ చూడొద్దని నర్సు నవ్వేది.

అన్నీ కుదిరాయి. చిన్నది మాత్రం కదల్లేదు.

మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే అడిగాను, చేరతానని చెప్పడానికి గడువు దగ్గరపడుతోంది, ఇంకా దేనికి ఆలోచిస్తున్నావని. అది క్లిప్పులు తీసి డబ్బాలో వేస్తూ, అక్క సంగతి కాదమ్మా, నీ సంగతి అంది. నేను వెళ్తే నువ్వు తిండి తినవు, నిద్రపోవు, నేను ఫోన్ ఎత్తకపోతే ఊరంతా లేపుతావు. నీ భయం తగ్గాక చూద్దాం.

నాకు దాచడానికి ఏమీ మిగల్లేదు. "తగ్గదే. అది నా ఒంటితోపాటు పుట్టింది. నువ్విక్కడున్నా భయపడతాను, అక్కడున్నా భయపడతాను. ఎలాగూ భయపడాల్సిందే అయినప్పుడు, చదువుకుంటున్నదాని కోసం భయపడతాను. లాండ్రీలో ఉన్నదాని కోసం నావల్ల కాదు."

అది బట్టల మూట నా చేతిలోంచి తీసుకుని కిందికి దిగింది. ఆ సాయంత్రమే ఏప్రాన్ తిరిగిచ్చేసింది. మంచం కింద డబ్బా బయటికొచ్చింది. రాళ్ళు పట్టుకెళ్తే సామాను బరువెక్కుతుందని ఒకటే గొడవ.

బయల్దేరే రోజు పదకొండింటికి నేనొక్కదాన్నే బస్టాండుకి వెళ్ళాను. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. పెద్దదానికి కాన్పుకి ఇంకా వారం పైనే ఉందన్నారు. అల్లుడు రెండు రోజుల్లో దిగుతాడు. చిన్నది కిటికీ పక్క సీట్లో కూర్చుంది. నేను కింద నిలబడి, ముందే చెప్పినవన్నీ మళ్ళీ చెబుతున్నాను. ఫోన్ మోగింది. ఆయమ్మ.

ఉమ్మనీరు పోయిందట. నొప్పులు మొదలయ్యాయి. నర్సుకి చెప్పాను, ఆస్పత్రిలో ఉంటుంది, అంబులెన్సు వచ్చేసింది, ఎక్కుతున్నామని చెప్పి, ఆయమ్మ తొందరగా పెట్టేసింది.

చిన్నది నా మొహమే చూస్తోంది. అక్కేనా అంది. ఏం లేదన్న మాట నా నాలిక మీదకి వచ్చేసింది. అది ఎప్పుడూ అక్కడే సిద్ధంగా ఉంటుంది. దాన్ని మింగి, ఉన్నదున్నట్టు చెప్పాను. అది లేచి సంచి భుజానికి తగిలించుకుంది.

"దానితో ఎవరున్నారు?"

కిటికీ ఊచ పట్టుకుని చెప్పాను. ఆయమ్మ అంబులెన్సులో పక్కనే ఉంది. నర్సుకి ఆయమ్మ ముందే చెప్పింది, ఆస్పత్రిలో ఎదురు చూస్తోంది. పిడుగుని బడినుంచి రేడియో తెస్తుంది, అది ముందే అనుకున్నదే. సైకిలమ్మకి ఇప్పుడు నేను ఫోన్ చేస్తాను, నాకంటే ముందు చేరుతుంది. నాన్న దిగగానే అటే వస్తారు. ఈ బస్సు కదలగానే నేనూ వెళ్తాను.

చెబుతూ చెబుతూ నేనే విన్నాను, ఎంతమంది ఉన్నారో. డ్రైవరు ఇంజను వేసి, అద్దంలోంచి చూస్తూ, దిగుతావా ఉంటావా తల్లీ అని అడిగాడు. అది నావైపు తిరిగింది. నేను కిటికీలోంచి చెయ్యి చాపి, దాని భుజం మీది సంచి పట్టీ పట్టుకుని కిందికి లాగాను. అది కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. బస్సు కదిలింది.

ట్రాఫిక్‌లో చిక్కుకుని నేను ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, అంతా అయిపోయింది. పెద్దది అలిసిపోయి కళ్ళు మూసుకుని ఉంది, బీపీ అదుపులోనే ఉందంది నర్సు. మగపిల్లాడు. ఆయమ్మ చేతిలోంచి బిడ్డని అందుకోబోతే, ఉండండి, సైకిలమ్మ తర్వాత మీ వంతు అన్నారెవరో. మా ఆయన యూనిఫాంలోనే ఉన్నారు. రేడియో చంకన పిడుగు, తమ్ముడి ముక్కు పట్టుకోవడానికి వంగుతోంది. నర్సు జరగండి జరగండి అని అందర్నీ గోడవైపు నెడుతోంది. నాకోసం ఎవరూ ఆగలేదు.

వరండాలోకి వచ్చి చిన్నదానికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. చెప్పాను. అక్క ఎలా ఉందంటే, బాగుందన్నాను. బాబు ఎలా ఉన్నాడంటే, మీ బావ పోలికే, ఏం చేస్తాం అన్నాను.

"అమ్మా, తర్వాతి ఊళ్ళో దిగి వెనక్కి వచ్చెయ్యనా?"

తలుపు సందులోంచి గదిలోకి చూశాను.

"ఎందుకే," అన్నాను. "ఇక్కడ నిలబడ్డానికి కూడా చోటు లేదు."